సంచి నా చేతిలో ఉన్నన్నాళ్లూ

దేవుడి సొమ్ముకు లెక్క అడగడం అపచారమని చాలా ఏళ్లు అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు, అడిగినవాళ్ల మీద కోప్పడ్డాను కూడా. మా క్రైస్తవ సంఘానికి కోశాధికారిగా ఉన్న కాలంలో నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ ఈ ఒక్క అభిప్రాయంలోంచే పుట్టాయి. వాటిని దాచుకోవడం ఇక నావల్ల కాదు. మా గోదావరి జిల్లాల్లోనే కాదు, చిన్న సంఘమో చిన్న సేవాసంస్థో ఉన్న ప్రతిచోటా నాలాంటి కోశాధికారి ఒకడు ఉంటాడు. మంచివాడని పేరున్నవాడు, ఎవరూ లెక్క అడగనివాడు. అతని కోసం, అతణ్ణి నమ్మి కానుక వేసేవాళ్ల కోసం రాస్తున్నాను.

నేను తపాలా శాఖలో సబ్ పోస్టుమాస్టరుగా రిటైరయ్యాను. ఆ ఉద్యోగంలో సాయంత్రం తాళం వేసేముందు పెట్టెలో ఉన్న నగదూ స్టాంపులూ ఆ రోజు లెక్కతో పైసా తేడా లేకుండా సరిపోవాలి. సరిపోకపోతే ఇంటికి వెళ్లేది లేదు. ఇన్‌స్పెక్టరు ఏ రోజైనా చెప్పాపెట్టకుండా వచ్చి నోట్లు లెక్కపెట్టవచ్చు. ఆయన లెక్కపెడుతుంటే నేను ఏనాడూ నొచ్చుకోలేదు, నన్ను అనుమానిస్తున్నాడన్న ఆలోచనే రాలేదు. ఆయన పని ఆయన చేస్తున్నాడు, అంతే. ఆఫీసు డబ్బు ఒక్క రాత్రి సొంతానికి వాడుకుని తెల్లారి తిరిగి పెట్టేసినా అది నేరమేనని చేరిన కొత్తలోనే మాకు నూరిపోశారు. అలా ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లను కళ్లారా చూశాను.

రిటైరైన ఏడాదే సంఘ పెద్దలు నన్ను కోశాధికారిని చేశారు. జీవితమంతా డబ్బు లెక్కల్లో గడిపినవాడు, పైగా ఒక్క మచ్చ లేనివాడు, ఇంతకంటే తగినవాడు ఎవరన్నారు. మా పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి కానుకల సంచి నా చేతికిచ్చారు. పోస్టాఫీసులో నేర్చుకున్నదంతా ఆ రోజే పక్కన పెట్టేశాను. ప్రభుత్వ సొమ్ము దగ్గర పాటించిన జాగ్రత్త దేవుడి సొమ్ము దగ్గర అక్కర్లేదనుకున్నాను. ఇక్కడ అందరం విశ్వాసులం, ఒకరికొకరం ఎరిగున్నవాళ్లం, కాగితాలెందుకు అనుకున్నాను.

ఆదివారం ఆరాధన ముగిశాక ఆ సంచి బల్లమీద బోర్లిస్తే ఏం పడుతుందో చూడనివాళ్లకు చెప్పాలి. పది రూపాయల నోట్లే ఎక్కువ. కొన్ని చీర కొంగున ముడేసుకుని తెచ్చినవి, నాలుగు మడతలు పడి చెమటకు మెత్తబడి ఉంటాయి. ఒక్కొక్కటీ విప్పి అరచేత్తో సాపు చేయాలి. సండే స్కూలు పిల్లలు వేసిన రూపాయి, రెండు రూపాయల బిళ్లలు ఉంటాయి. దశమభాగం అని, కృతజ్ఞత కానుక అని, మనవరాలి పుట్టినరోజు అని మీద రాసిన కవర్లు ఉంటాయి. కొన్నిటి మీద ‘స్లాబుకు’ అని ఉంటుంది. కవరు దొరకనివాళ్లు కేలండరు కాగితం ముక్క చించి, రాయించుకుని, నోటుకు గుండుసూదితో గుచ్చి వేస్తారు. ఈ కవర్లను, చీటీలను నేనేం చేశాను? నోట్లు కట్ట కట్టి, బిళ్లలు మూట కట్టి, చీటీలన్నీ చెత్తబుట్టలో వేశాను. పుస్తకంలో ఆ వారం మొత్తం ఒక్క పంక్తిగా రాశాను. ఎవరిచ్చారన్నదీ ఎందుకిచ్చారన్నదీ ఆ కాగితం ముక్కతోపాటే పోయింది.

లెక్కపెట్టేది నేనొక్కణ్ణే. బీకాం చదివిన కుర్రాడొకడు, “నేనూ కూర్చుంటానండి అంకుల్” అని అడిగాడు. “ఎందుకు నాయనా, నువ్వెళ్లి పాటల ప్రాక్టీసు చూసుకో” అని పంపేశాను. అతను సాయం చేస్తానన్నాడు. నేను దాన్ని కాపలా అనుకున్నాను. సంచి ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టేవాణ్ణి, బ్యాంకు వైపు పని పడ్డప్పుడు వేసేవాణ్ణి. ఈలోగా కరెంటు బిల్లొచ్చినా మైకు రిపేరొచ్చినా అందులోంచే తీసిచ్చేవాణ్ణి. కాబట్టి వచ్చిందెంతో పోయిందెంతో బ్యాంకు పాసుపుస్తకం చూసి తేల్చే దారే లేకుండా పోయింది.

మా స్త్రీల సమాజం లెక్క ఇలా ఉండేది కాదు. తెలుగు సంఘాల్లో పిడికెడు బియ్యం పాత అలవాటు. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది, ఆదివారం దాన్ని మందిరానికి తెస్తుంది. 1912లో దోర్నకల్ బిషప్పు అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, కూలినాలి చేసుకునేవాళ్ల సంఘమైనా సరే పరదేశపు డబ్బు కోసం ఎదురుచూడకుండా తన కాళ్లమీద తాను నిలబడాలని పట్టుబట్టారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడాయన. ఇవ్వడం గురించి ఒక పుస్తకమే రాశారు. ఆయన కోరిన ఆ పట్టుదలను మా ఊళ్లో నిలబెట్టింది ఆడవాళ్లే. మా సమాజం కార్యదర్శి చదివింది ఐదో తరగతి. ఆమె దగ్గర బడిపిల్లల నోటుబుక్కు ఒకటి ఉండేది. వారం వారం తేదీ, తెచ్చినవారి పేరు, ఎదురుగా సోలెడు, తవ్వెడు అని కొలత, ఆ బియ్యం ఎవరు కొన్నారు, ఎంతకు కొన్నారు, అన్నీ అందులో ఉండేవి. కింద ఆమె సంతకం, పక్కన ఇంకొకామె వేలిముద్ర. “ఈ వేలిముద్ర ఎందుకమ్మా?” అని ఒకసారి అడిగాను. “రేపు నేను లేకపోతే చెప్పేవాళ్లుండాలి కదండీ” అంది. రెండో మనిషి ఎందుకో ఆమె అంత తేటగా చెప్పింది. విన్నాను, మెచ్చుకున్నాను, నా పుస్తకంలో మాత్రం రెండో సంతకం పెట్టించలేదు.

తర్వాత ఫోన్లో డబ్బు పంపే రోజులొచ్చాయి. మందిరం గుమ్మం పక్కన క్యూఆర్ కోడు పెట్టమన్నారు. సంఘం ఖాతాకు కోడు కావాలంటే తీర్మానం కాపీ, రిజిస్ట్రేషను కాగితాలు, సంఘం పాన్ కార్డు, సంతకాలు పెట్టేవాళ్లు అందరూ రావాలన్నారు బ్యాంకులో. అంత తిరగడం ఎందుకని నా ఫోను నంబరు మీదే తీయించి అంటించాను. అది నా పింఛను పడే ఖాతా. కువైట్‌లో ఇళ్లలో పనిచేస్తున్న మా ఊరి ఆడపడుచుల దశమభాగాలు, హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్న కుర్రాళ్ల కానుకలు, నా పింఛను, అన్నీ ఒకచోట కలిసిపోయాయి.

ఒక నెల నా బీమా ప్రీమియం దానంతటదే ఆ ఖాతాలోంచి పోయింది. ఆ రోజుకు అందులో నా సొంత డబ్బు అంత లేదు. అంటే నా ప్రీమియం కట్టింది సంఘం. పింఛను పడ్డాక సర్దేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన సంగతని కూడా తోచలేదు. పోస్టాఫీసులో ఇదే పని చేసి సస్పెండయిన మనిషి గురించి, “చేసుకున్నవాడికి చేసుకున్నంత” అన్నవాణ్ణి నేను. ఈ నాలుగు వాక్యాలు రాయడానికి నాకు అన్నిటికంటే ఎక్కువ సేపు పట్టింది.

స్లాబు సంగతి దీనికంటే పెద్దది. మా మందిరానికి సిమెంటు రేకుల కప్పు. ఎండాకాలం లోపల కూర్చోలేం, వానాకాలం ప్రసంగం వినపడదు. స్లాబు వేద్దామని తీర్మానించి విడిగా నిధి మొదలుపెట్టాం. జనం అన్నిటికంటే దీనికే ఎక్కువ ఇచ్చారు. ఎక్కువ డబ్బు అక్కడే ఉంది గనక అవసరమొచ్చినప్పుడల్లా నా చెయ్యి అక్కడికే వెళ్లింది. మొదట అయ్యగారింటి అమ్మగారి ఆపరేషనుకు, ఆ తర్వాత క్రిస్మసుకు విధవరాళ్ల చీరలకు, ఆ తర్వాత కరెంటు బకాయికి తీశాను. ప్రతిదీ మంచి పనే, ఒక్క రూపాయి కూడా నా ఇంటికి రాలేదు. వచ్చే నెల తిరిగి వేద్దాంలే అనుకునేవాణ్ణి. వచ్చే నెలకు దాని ఖర్చులు దానికుండేవి. పెద్దలను అడిగితే కాదనేవారు కాదు, కాదనరు గనక అడగక్కర్లేదనుకున్నాను. స్లాబుకని చీటీ గుచ్చి ఇచ్చిన మనిషి తన డబ్బుకు పని చెప్పి మరీ ఇచ్చింది. ఆ పని మార్చే హక్కు నాకు ఎవరిచ్చారని ఒక్కసారైనా నన్ను నేను ప్రశ్నించుకోలేదు.

పుస్తకంలో అంకెలు మాత్రం బాగుండేవి. ఎందుకు బాగుండేవంటే కోత పండుగ వేలం వల్ల. వానాకాలపు పంట సార్వా ఇంటికి చేరాక మా సంఘాల్లో కోత పండుగ చేస్తారు. కొత్త బియ్యం, అరటిగెలలు, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, నాటుకోళ్లు బలిపీఠం ముందు పెట్టి, ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం వేస్తారు. ఆ పూట అందరి మనసూ పెద్దదవుతుంది. బజారులో వంద రూపాయలు చేయని గుమ్మడికాయకు అన్నదమ్ములిద్దరు పోటీపడి వేలకు తీసుకెళతారు. పాడినవాళ్లలో సగం మంది డబ్బు అక్కడ ఇవ్వరు, “నా పేర రాసుకోండి” అంటారు. నేను రాసుకునేవాణ్ణి, బాకీ పద్దులో కాదు, జమలో. పాట పాడిన మొత్తమంతా రాబడి కింద చూపించి, దాని మీద మరుసటి ఏడాది బడ్జెటు వేసేవాణ్ణి. వసూలు కాని గుమ్మడికాయల మీద సంఘం ఖర్చులు నిలబెట్టాను. వసూలుకు వెళ్లడానికి మొహమాటం. దేవుడికి మొక్కుకున్నది వాళ్లే ఇస్తారులే అని సర్దిచెప్పుకునేవాణ్ణి.

ఆ బడ్జెటు వేసిన తీరు కూడా చెప్పాలి, ఎందుకంటే దానివల్ల బాధపడ్డది నేను కాదు. ఏడాది రాబడిని పన్నెండుతో భాగించి నెల ఖర్చు నిర్ణయించేవాణ్ణి. పింఛను తీసుకునేవాడి ఆలోచన అది. మా సంఘంలో ఎవరికీ నెలనెలా వచ్చే డబ్బు లేదు, నాకూ ఇద్దరు టీచర్లకూ తప్ప. మిగతావాళ్ల చేతికి డబ్బు డెల్టా కాలువల్ని బట్టి వస్తుంది. సార్వా కోతలకు, సంక్రాంతి దాకా కాస్త చేతులాడతాయి. మళ్లీ రెండో పంట దాళ్వా కోతలకు ఏప్రిల్లో. ఆ తర్వాత కాలువలు కట్టేస్తారు, నాట్లు మొదలయ్యేదాకా పొలం పని ఉండదు. మే, జూన్ నెలల్లో సంచి సగం కూడా నిండదు. పుట్టి పెరిగిన ఊరు, ఇది నాకు తెలియని సంగతి కాదు. అయినా డిసెంబరు రాబడి చూసుకుని డిసెంబరులోనే ఖర్చు పెట్టేసి, వేసవికి ఏమీ మిగల్చలేదు.

వేసవిలో ఆగిపోయేది అయ్యగారి జీతం. కరెంటువాళ్లు ఆగరు, మైకువాడు ఆగడు, ఆయన ఆగుతారు. ఆయన అడగరు. “వచ్చినప్పుడే ఇవ్వండి” అనేవారు, అది ఆయన విశ్వాసమని నేను సాక్ష్యం కూడా చెప్పాను. ఆ నెలల్లో అమ్మగారు గాజులు తాకట్టు పెట్టి పిల్లల బడి ఫీజు కట్టారని తర్వాత నా భార్య ద్వారా తెలిసింది. బడ్జెటులో మొట్టమొదట రాసి, వేసవికి విడిగా తీసిపెట్టవలసిన పద్దు అది. నేను దాన్ని మిగిలితే ఇచ్చే పద్దుగా చేశాను. ఇందులో నాకు క్షమించుకోవడానికి ఏమీ కనిపించదు.

ఒక ఏడాది సర్వసభ్య సమావేశంలో ఎప్పటిలాగే రాబడి ఇంత, ఖర్చు ఇంత, నిల్వ ఇంత అని మూడు ముక్కలు చదివి కూర్చోబోయాను. వెనక వరసలోంచి ఒకామె లేచింది, నాట్లకూ కోతలకూ వెళ్లే మనిషి. “అయ్యా, మా స్లాబు డబ్బులు ఎంతయ్యాయండి? ఎక్కడున్నాయండి?” అని అడిగింది.

నాకు చెవులు వేడెక్కాయి. “నామీద నమ్మకం లేక అడుగుతున్నావా అమ్మా?” అన్నాను.

“అయ్యో, అది కాదండి. స్లాబుకని ఇస్తున్నానని మా కోడలితో చెప్పానండి. ఎప్పుడేస్తారని అది నన్నడుగుతోంది” అంది.

ఆమెకు జవాబు చెప్పలేదు. ఇన్నేళ్ల నా సేవ గురించి, కాలి నొప్పితో బ్యాంకు చుట్టూ తిరిగిన తిరుగుడు గురించి మాట్లాడాను. గొంతు పెంచాను. పెద్దలు ఆమెను కూర్చోబెట్టారు, నన్ను ఓదార్చారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. ఇన్‌స్పెక్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడి లెక్క చూపించినవాణ్ణి, ఆ డబ్బు తన చెమటతో ఇచ్చిన మనిషి అడిగితే ఎందుకంత మండిపడ్డాను? ఆయన అధికారి, ఈమె కూలిమనిషి. ఈ కారణం తప్ప నాకు వేరే కారణం దొరకలేదు, చాలా వెతికాను.

వానలకు ముందు మేస్త్రీ వచ్చి ఇనుముకూ సిమెంటుకూ బయానా అడిగాడు. అప్పుడు కూర్చుని చూశాను. పుస్తకంలో స్లాబు నిధి 4 లక్షల పైచిలుకు. బ్యాంకులోనూ బీరువాలోనూ నా ఖాతాలోనూ కలిపి లక్షకు కాస్త ఎక్కువ. మిగిలింది ఆపరేషను, చీరలు, కరెంటు, వసూలు కాని వేలం పాటలు. వీటిలో దేనికీ రసీదు సరిగా లేదు. నేను తినలేదని నాకు తెలుసు, కానీ తినలేదని చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. తిన్నవాడి పుస్తకం కూడా అచ్చం నా పుస్తకంలాగే ఉంటుంది. నా మంచితనం మీద నేను పెట్టుకున్న నమ్మకమంతా ఆ రాత్రి ఆ పుస్తకం ముందు ఎందుకూ పనికిరాలేదు.

రాజుల రెండవ గ్రంథం 12వ అధ్యాయం నేను మందిరంలో ఎన్నోసార్లు చదివి వినిపించినదే. యోవాషు రాజు ఆలయం బాగుచేయించమని డబ్బు వసూలు యాజకులకు అప్పగిస్తాడు. ఆయన ఏలుబడిలో 23వ ఏడు వచ్చినా పాడైనచోట్లు బాగుపడలేదు. యాజకులు దొంగిలించారని అక్కడ ఎక్కడా లేదు, డబ్బు వచ్చింది, పని జరగలేదు, అంతే. అప్పుడు యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు కన్నం చేసి, బలిపీఠం దగ్గర పెట్టిస్తాడు. పెట్టె నిండినప్పుడు రాజుగారి లేఖకుడూ ప్రధాన యాజకుడూ ఇద్దరూ వచ్చి, లెక్కపెట్టి, సంచుల్లో కట్టి, పనివాళ్లకు చేరేలా ఇస్తారు. మూతకు కన్నం ఉన్న పెట్టె, ఇద్దరు మనుషులు, ఒక్క పనికి ఒక్క నిధి. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో పౌలు కూడా పేదల కోసం పోగైన చందా ఒక్కడే మోసుకెళ్లడు, తన మీద ఎవరూ నింద వేయకుండా సంఘాలు ఎన్నుకున్న మనుషులను వెంట పంపుతాడు. లెక్క అడగడం అవిశ్వాసం అనుకున్న నేను ఈ అధ్యాయాలను దేనికోసం చదివినట్టు?

పెద్దలకు చెప్పాను, తర్వాతి ఆదివారం సంఘమంతటికీ చెప్పాను. బీమా ప్రీమియం సంగతితో సహా. వెనక వరసలో కూర్చున్న ఆమెను పేరుపెట్టి క్షమాపణ అడిగాను. పట్నంలో ఒక చార్టర్డ్ అకౌంటెంటు దగ్గరకు అందరం కలిసి వెళ్లాం. అక్కడ ఇంకొకటి బయటపడింది. నాకు వరసకు తమ్ముడొకడు అమెరికాలో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. స్లాబుకని నా ఖాతాకు డబ్బు పంపితే, నేను ఆదివారం ప్రకటించి చప్పట్లు కొట్టించాను. అకౌంటెంటు ఆ పద్దు దగ్గర వేలు పెట్టి ఆగి, సంగతి చెప్పారు. కువైట్‌లో ఉన్న మన ఆడపడుచు భారత పాస్‌పోర్టుతో ఉంటూ, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పరాయి దేశపు పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, మన బంధువైనా, ఓసీఐ కార్డు ఉన్నా, అది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం ప్రకారం కేంద్ర హోంశాఖ దగ్గర నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. నమోదైన సంస్థలు కూడా 2020 సవరణ తర్వాత ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే మొదట తీసుకోవాలి. నాకు ఇవేవీ తెలియవు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. సంఘాన్నంతటినీ చిక్కుల్లోకి లాగే పని చేసి చప్పట్లు అందుకున్నాను. ఆ డబ్బు నా పొదుపులోంచి తీసి తమ్ముడికి బ్యాంకు ద్వారా తిప్పి పంపాను.

ఇప్పుడు కోశాధికారి ఆ బీకాం కుర్రాడు. ఆరాధన అయిన వెంటనే ముగ్గురు కూర్చుని లెక్కపెడతారు, వారిలో ఒకరు స్త్రీల సమాజం నుంచి. కవర్లూ చీటీలూ ఫైలు చేస్తారు. సోమవారం మొత్తం బ్యాంకుకు వెళుతుంది, ఖర్చుకు మళ్లీ చెక్కే. స్లాబుకు వేరే ఖాతా ఉంది, అందులోంచి ఇంకో పనికి తీయాలంటే సంఘం తీర్మానం కావాలి. వేలంలో పాడిన మొత్తం చేతికి వచ్చేదాకా జమ కాదు. సార్వా రాబడిలోంచి అయ్యగారి వేసవి జీతాలు ముందే పక్కన పెడతారు. నెల లెక్క గుమ్మం దగ్గర, క్యూఆర్ కోడు పక్కనే అంటిస్తారు. స్లాబు అనుకున్నదానికంటే రెండు వానాకాలాలు ఆలస్యంగా పడింది. ఆ రెండు వానాకాలాలూ రేకుల కింద తడిసింది నేనొక్కణ్ణే కాదు.

మీ సంఘంలోనూ, మీ ఊరి సేవాసంస్థలోనూ ఈ ఏడాది సర్వసభ్య సమావేశం జరిగినప్పుడు లేచి నిలబడి లెక్క అడగండి. ఏ నిధిలో ఎంత ఉంది, ఏ బ్యాంకులో ఉంది, ఎవరెవరు లెక్కపెట్టారు అని అడగండి. కోశాధికారి మంచివాడైతే మరీ అడగండి. అతను నాలాగే నొచ్చుకుని గొంతు పెంచవచ్చు. మీరు మాత్రం కూర్చోకండి.